యూనివర్సిటీ లైబ్రరీలో పాత తెలుగు పత్రికలపై పరిశోధన: ఇంటి దగ్గర మొదలుపెట్టి మళ్లీ ఇల్లు చేరేదాకా

"నాలుగు రోజులు లైబ్రరీలో కూర్చున్నాను మేడమ్, ఏమీ దొరకలేదు." పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాది పిల్లల దగ్గర ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఏం వెతికారని అడిగితే "నా టాపిక్ మీద పుస్తకాలు" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. మన టాపిక్ మీద పుస్తకం ముందే ఉంటే మనం పరిశోధన చేయడం దేనికి?

తెలుగు, చరిత్ర, జర్నలిజం విభాగాల్లో ఉండి 1950కి ముందు వచ్చిన పత్రికలు, పుస్తకాలు చూడాల్సినవారి కోసం ఇది రాస్తున్నాను. తేలిగ్గా అర్థం కావడానికి ఒకే ఉదాహరణను చివరిదాకా పట్టుకుని వెళ్తాను: "1928–1940 మధ్య తెలుగు పత్రికల్లో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి ఏం రాశారు?" మీ ప్రశ్న వేరే అయినా పద్ధతి ఇదే.

1. ఏ గదికి వెళ్లాలో ముందు తెలుసుకోండి

యూనివర్సిటీ లైబ్రరీలో "రీడింగ్ రూమ్" ఎక్కడని అడిగితే మిమ్మల్ని పెద్ద హాల్లోకి పంపిస్తారు. అక్కడ పొద్దున్నే గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివేవాళ్లు సొంత పుస్తకాలు, వాటర్ బాటిళ్లు పెట్టుకుని కూర్చుని ఉంటారు. కుర్చీ దొరకడమే గొప్ప. వాళ్లను తప్పుపట్టను, ఇంట్లో చదువుకునే చోటు లేకే అక్కడికి వస్తారు. మీకు కావాల్సింది మాత్రం ఆ హాలు కాదు.

మీరు అడగాల్సినవి ఇవి:

- పాత పత్రికల బైండు సంపుటాలు ఏ విభాగంలో ఉన్నాయి?
- వాటిని ఏ గదిలో కూర్చుని చూడనిస్తారు?
- థీసిస్‌ల విభాగం ఎక్కడ?
- రాతప్రతులు, తాళపత్రాలు ఉంటే వాటికి వేరే అనుమతి కావాలా?

చాలాచోట్ల పాత సంపుటాలు క్లోజ్డ్ స్టాక్‌లో ఉంటాయి. అంటే మనం ర్యాకుల మధ్యకు వెళ్లి తీసుకోలేం. స్లిప్పు రాసిస్తే అటెండర్ తెచ్చిస్తారు. కాబట్టి మీ రోజంతా ఆ స్లిప్పు ఎంత బాగా రాశారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

2. వెళ్లే ముందు, ఇంట్లో రెండు సాయంత్రాలు

ఈ భాగాన్ని దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి.

*ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి.* అందులో కాలం, చోటు, ఏ రకం ఆధారం చూస్తారన్నది ఉండాలి. "తెలుగు పత్రికల్లో స్త్రీలు" అన్నది ప్రశ్న కాదు, ఒక మహాసముద్రం. మన ఉదాహరణలో కాలం 1928–1940, ఆధారం పత్రికలు, విషయం ఆరోగ్యం. 1928 ఎందుకంటే డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి గృహలక్ష్మి మాసపత్రిక మొదలుపెట్టిన ఏడాది అది. ప్రారంభ సంవత్సరానికి ఇలాంటి కారణం ఒకటి చెప్పగలిగితే రేపు వైవాలో తడుముకోనక్కర్లేదు.

*పత్రికల జాబితా వేయండి.* ప్రతి పత్రికకూ పేరు, ఊరు, పుట్టిన ఏడాది, మాసపత్రికా వారపత్రికా అన్నది రాసుకోండి. ఉదాహరణకు హిందూసుందరి 1902లో, కృష్ణాపత్రిక 1902లో మచిలీపట్నంలో, ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా, భారతి 1924లో మద్రాసులో, గోలకొండ పత్రిక 1926లో హైదరాబాదులో మొదలయ్యాయి. ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు మారి దినపత్రిక అయింది. ఇవి తెలియకపోతే 1912 నాటి ఆంధ్రపత్రిక దినపత్రిక కావాలని స్లిప్పు రాస్తారు. అటెండర్ గంట వెతికి ఉత్త చేతులతో వస్తారు.

*శోధగంగ చూడండి.* మన దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే సైట్ అది. మీ విషయానికి దగ్గరగా వచ్చిన థీసిస్‌లు నాలుగైదు తీసి, నేరుగా చివర్లో ఉన్న ఆధార గ్రంథాల పట్టికకు వెళ్లండి. ఎవరు ఏ లైబ్రరీలో ఏ సంపుటం చూశారో కొన్ని థీసిస్‌ల ముందుమాటలో, కృతజ్ఞతల్లో కూడా దొరుకుతుంది. కృతజ్ఞతలు చదవడం టైమ్ వేస్ట్ అనుకోకండి. ఏ ఊళ్లో ఎవరి ఇంట్లో పాత సంచికలు ఉన్నాయో నాకు రెండుసార్లు అక్కడే తెలిసింది.

*ఇంట్లో కూర్చుని దొరికేవి ఇంట్లోనే చదవండి.* డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు, పత్రికలు చాలా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత దినపత్రికలు కూడా ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. అక్కడ ఉన్న సంచిక కోసం బస్సెక్కి వెళ్లడం దండగ. కాకపోతే స్కాన్‌లో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల రెండు సంచికలు ఒకే పేరుతో ఉంటాయి. మొదటి పేజీ నుంచి చివరిదాకా పేజీ నంబర్లు ఒకసారి తిప్పి చూసి, తగ్గిన పేజీలను "లైబ్రరీలో చూడాలి" జాబితాలో వేయండి.

*పేర్ల జాబితా.* ఒక్కో రచయితకూ ఇంటిపేరు, అసలు పేరు, కలంపేరు మూడూ రాసుకోండి. శ్రీశ్రీ కోసం శ్రీరంగం శ్రీనివాసరావు అని, చలం కోసం గుడిపాటి వెంకటాచలం అని కూడా వెతకాలి. మన ఉదాహరణలో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు గృహలక్ష్మిలో శారద పేరుతో లేఖలు రాశారు. విషయసూచికలో వరలక్ష్మమ్మ కోసమే చూస్తే వాటిలో కొన్ని కంటికి కనపడకుండా పోవచ్చు.

3. కాగితాలు, ఒక ఫోన్ కాల్

మీ సొంత యూనివర్సిటీ అయితే ఐడీ కార్డు చాలు. వేరే చోటికి వెళ్తే ఇవి దగ్గరుంచుకోండి:

- గైడ్ సంతకం, విభాగాధిపతి ముద్ర ఉన్న లేఖ. అందులో మీ అంశం, ఏ పత్రికలు ఏ సంవత్సరాలవి చూడాలో, ఏ తేదీల్లో వస్తారో ఉండాలి
- బోనఫైడ్ సర్టిఫికెట్
- ఐడీ కార్డు, ఆధార్ జిరాక్స్‌లు రెండేసి
- పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు రెండు
- కొద్దిగా చిల్లర. కొన్నిచోట్ల రోజువారీ రుసుము కట్టించుకుంటారు

లేఖలో "సంబంధిత గ్రంథాలను పరిశీలించుటకు అనుమతి ఇవ్వగలరు" అని మాత్రమే రాస్తే కౌంటర్లో ఉన్నవారికి మీకేం కావాలో అర్థం కాదు. ఫోటోలు తీసుకోవడానికి కూడా అనుమతి కోరుతూ ఒక వాక్యం ఆ లేఖలోనే కలపండి. తర్వాత విడిగా అడిగితే ఇంకో దరఖాస్తు, ఇంకో సంతకం, ఇంకో రోజు.

బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఆ వారంలో సెలవులేమైనా ఉన్నాయా, ముఖ్యంగా రెండో శనివారం? పాత పత్రికల విభాగం చూసే ఉద్యోగి సెలవులో ఉన్నారా? సంపుటాలు బైండింగ్‌కి గానీ స్కానింగ్‌కి గానీ పంపారా? రెండో ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉండే గదులు ఉన్నాయి.

4. సంచిలో ఉండాల్సినవి

- రెండు పెన్సిళ్లు, చెక్కుకునేది (పెన్ను లోపలికి తీసుకెళ్లకండి, అడ్డుచెప్పకపోయినా సరే)
- ఒక పక్కే రాసే తెల్ల కాగితాలు లేదా నోట్‌బుక్
- అడుగు స్కేలు, చదునైనది (పాత అచ్చులో వరస తప్పకుండా చదవడానికి)
- ఆమ్లం లేని తెల్ల కాగితపు ముక్కలు, గుర్తు పెట్టడానికి. స్టిక్కీ నోట్స్ వద్దు, జిగురు కాగితాన్ని పీకేస్తుంది
- మాస్కు, చేతిరుమాలు. పాత బైండ్ల దుమ్ముకి తుమ్ములు ఖాయం
- ఫోన్, ఛార్జర్, పవర్ బ్యాంక్. టేబుల్ దగ్గర ప్లగ్ ఉంటుందని నమ్మకండి
- పలచటి శాలువా లేదా చొక్కా. ఏసీ ఉన్న గదిలో కదలకుండా ఐదు గంటలు కూర్చోవాలి

బ్యాగు బయట కౌంటర్‌లో పెట్టి టోకెన్ తీసుకోవాలి కాబట్టి లోపలికి తీసుకెళ్లేవి ఒక పలచటి ప్లాస్టిక్ కవరులో సర్దుకోండి. నీళ్ల సీసా బయటే.

5. కేటలాగ్‌లో వెతకడం: పేరు ఒకటి, స్పెల్లింగులు నాలుగు

ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

కంప్యూటర్ కేటలాగ్‌లో తెలుగు పుస్తకాల పేర్లు చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించారు. ఎక్కించినవారు తమకు తోచిన స్పెల్లింగు వాడారు. గృహలక్ష్మిలో మొదటి అక్షరాన్నే తీసుకోండి. ఒకరు "గ్రి" అని, ఇంకొకరు "గ్రు" అని రాస్తారు. "క్ష్మి"ని రాసే పద్ధతులు ఎన్నో చెప్పనక్కర్లేదు. దీర్ఘానికి ఒకచోట అక్షరం రెండుసార్లు, ఇంకోచోట ఒకసారి. "త"కి పక్కన ఇంగ్లీషు హెచ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

చిట్కా: పేరు మొత్తం టైపు చేయకండి. తప్పు రాయడానికి వీలుకాని చిన్న ముక్క తీసుకుని అదొక్కటే వెతకండి. ఫలితాలు మూడొందలు వచ్చినా పదిహేను నిమిషాల్లో కిందిదాకా చూడొచ్చు. తర్వాత తెలుగు లిపిలో కూడా ఒకసారి వెతకండి. ఒకే కేటలాగ్‌లో రెండు లిపుల్లోనూ రికార్డులు ఉంటాయి.

ఇంటిపేరుతో ఇంకో తలనొప్పి. కొడవటిగంటి కుటుంబరావు కార్డు ఒకచోట "కొ" కింద ఉంటే ఇంకోచోట "కు" కింద ఉంటుంది. రెండూ చూడాలి.

*పాత కార్డు కేటలాగ్ ఉందా అని అడగండి.* చెక్క సొరుగుల్లో కార్డులు ఇంకా పెట్టుకున్న లైబ్రరీలు ఉన్నాయి. కంప్యూటర్లోకి ఎక్కని పాత పుస్తకాలు ఆ కార్డుల్లోనే బతికి ఉంటాయి. ఆ సొరుగులు మూలన పడేసి పైన పాత దినపత్రికల కట్టలు పెట్టినా సరే, జరిపి చూడనివ్వమని అడగండి.

*వర్గీకరణ సంఖ్యతో ర్యాకు ఊహించండి.* డ్యూయీ దశాంశ పద్ధతి వాడే లైబ్రరీల్లో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర, తెలుగు భాష 494.827 దగ్గర, ఆంధ్ర చరిత్ర 954.84 దగ్గర ఉంటుంది. మీకు కావాల్సిన ఒక్క పుస్తకం కాల్ నంబర్ (ర్యాకులో దాని చోటు చెప్పే నంబర్) దొరికితే, దాని పక్కనున్న ఇరవై పుస్తకాల పేర్లు కూడా కేటలాగ్‌లో ఆ నంబరుతోనే వెతికి చూడండి. ఆరోగ్యం సంగతి సాహిత్యంలో ఉండదు, వైద్యానికి 610ల్లోకి వెళ్తుంది. అక్కడ కూడా చూడండి.

6. స్లిప్పు రాయడం, రోజును పంచుకోవడం

స్లిప్పులో పత్రిక పేరు, సంపుటం, సంవత్సరం, కాల్ నంబర్, యాక్సెషన్ నంబర్ అన్నీ ఉండాలి. యాక్సెషన్ నంబర్ ఉంటే ర్యాకులో ఇంకే గందరగోళం ఉన్నా పుస్తకం దొరుకుతుంది. అది ఆ ఒక్క ప్రతికి మాత్రమే చెందిన నంబర్.

నా రోజు ఇలా ఉంటుంది:

- గది తెరవగానే మూడు స్లిప్పులు. ఒకటే ఇచ్చి అది లేదంటే ఖాళీగా కూర్చోవాలి
- పుస్తకాలు వచ్చేలోపు రిఫరెన్స్ ర్యాకులో గ్రంథసూచికలు
- భోజనానికి లేవడానికి అరగంట ముందు మధ్యాహ్నం స్లిప్పులు. సిబ్బంది కూడా తింటారు, వాళ్లు లేచాక ఇస్తే గంటన్నర పోయినట్టే
- మూసే ముందు అరగంట కొత్త పేజీ తెరవను. ఆ రోజు నోట్సు సరిచూసుకుని, రేపటి స్లిప్పులు రాసి పెట్టుకుంటాను

ఒక సంపుటం రేపు కూడా కావాలంటే తిరిగి ర్యాకుకు పంపకుండా పేరు రాసి పక్కన పెట్టమని అడగండి. చాలామంది సరేనంటారు.

అటెండర్ గారితో మర్యాదగా ఉండమని వేరే చెప్పాలా? ఒక్క సంగతి మాత్రం చెప్తాను. ఏ సంపుటం ఏ బీరువా వెనక జారిపోయిందో కేటలాగ్‌కి తెలియదు, ముప్పై ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్నవారికి తెలుస్తుంది. మీ అంశం ఏమిటో వాళ్లకు తెలుగులో, రెండు ముక్కల్లో చెప్పండి.

7. బైండు సంపుటం చేతికొచ్చాక

మొదటి పది నిమిషాలు చదవకండి. సంపుటాన్ని పరీక్షించండి.

- బైండు వెన్ను మీది సంవత్సరం, లోపలి సంచికల సంవత్సరం ఒకటేనా?
- ఎన్ని సంచికలున్నాయి? పన్నెండు ఉండాల్సినచోట పదే ఉంటే ఏవి లేవు?
- సంచికల వరస తారుమారైందా?
- ముఖచిత్రాలు, ప్రకటనల పేజీలు ఉన్నాయా, బైండింగ్‌లో తీసేశారా?
- సంపుటం మొదట్లోగానీ చివర్లోగానీ ఏడాది విషయసూచిక కుట్టారా?

ప్రకటనల మాట ఎందుకన్నానంటే, బైండు చేసేవారు అట్టలు, ప్రకటనలు "అనవసరం" అని తీసిపారేసిన సంపుటాలు చాలా ఉన్నాయి. మన ఉదాహరణకు అవే ప్రాణం. గృహలక్ష్మి నడిపిన కేసరి గారిదే లోధ్ర అనే స్త్రీల మందు. భారతి, ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు గారిదే అమృతాంజనం. మందు అమ్మినవారే పత్రిక నడిపినచోట ఆరోగ్యం మీద వ్యాసం, పక్క పేజీలో మందు ప్రకటన రెండూ కలిపి చదవాలి. ప్రకటనలు లేని సంపుటం చూసి "ప్రకటనలు లేవు" అని రాస్తే తప్పయిపోతుంది. "ఈ ప్రతిలో ప్రకటనల పేజీలు లేవు" అని రాయాలి.

తిప్పడంలో జాగ్రత్తలు: వేలు తడి చేయకండి. పేజీని కింది మూల పట్టి కాకుండా పై మూల నుంచి, అరచేతి ఆసరాతో తిప్పండి. గోధుమరంగుకి తిరిగిన కాగితం ఆమ్లం వల్ల పెళుసెక్కి ఉంటుంది, మూల మడిస్తే విరిగి చేతికొస్తుంది. వెన్ను చదునుగా అయ్యేదాకా నొక్కకండి. విరిగిన ముక్క ఏదైనా రాలితే జేబులో వేసుకోకుండా, అదే పేజీలో పెట్టి కౌంటర్లో చెప్పండి. కోప్పడరు, చెప్పకపోతేనే కోప్పడతారు.

చదివే వరసకూ ఒక పద్ధతి ఉంది. ముందు ఏడాది సూచిక, తర్వాత ప్రతి సంచిక విషయసూచిక, ఆ తర్వాత సంపాదకీయాలు, పాఠకుల లేఖలు, చివరగా వ్యాసాలు. సూచికలో పేరు లేని చిన్న చిన్న పూరణలు పేజీల అడుగున ఉంటాయి. "గృహవైద్యం" లాంటివి అక్కడే దొరుకుతాయి. అందుకే మొదటి సంపుటం మాత్రం ప్రతి పేజీ తిప్పండి. అలా తిప్పితే ఏ శీర్షిక ఎక్కడ వస్తుందో కంటికి అలవాటవుతుంది. నా వేగంలో మాసపత్రిక ఒక ఏడాది సంపుటానికి ఒక రోజు పడుతుంది. రోజుకు నాలుగు సంపుటాలు అయ్యాయని చెప్పేవారిని నేను నమ్మను.

8. తేదీల లెక్క

పాత పత్రికల మీద ఇంగ్లీషు తేదీ లేకుండా సంవత్సరం పేరు, మాసం మాత్రమే ఉండటం మామూలే. ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి.

మొదటిది, పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. రుధిరోద్గారి అంటే 1863–64 కావొచ్చు, 1923–24 కావొచ్చు, 1983–84 కావొచ్చు. పత్రికల విషయంలో ఇది తేలిగ్గానే తేలుతుంది, తేదీ లేని చిన్న పుస్తకాలతోనే ఇబ్బంది.

రెండోది ఎక్కువమంది పడే గొయ్యి. ఉగాది మార్చి–ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి పుష్యం ఎక్కువ రోజులు, మాఘం, ఫాల్గుణం తర్వాతి ఇంగ్లీషు సంవత్సరంలో పడతాయి. భారతి మొదటి సంచిక రుధిరోద్గారి పుష్యం నాటిది. రుధిరోద్గారి 1923లో మొదలైంది కదా అని 1923 అని రాస్తే తప్పు. ఆ సంచిక 1924 జనవరిది.

నిజాం రాష్ట్రంలో అచ్చయినవాటి మీద ఫసలీ సంవత్సరం (పంటల, శిస్తుల లెక్క కోసం పెట్టిన సంవత్సరం) ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. ఫసలీ 1346 హైదరాబాదులో 1936 అక్టోబరులో మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ కాగితాల్లోనూ ఫసలీ ఉంటుంది, కానీ అక్కడ అది జూలై 1న మొదలవుతుంది. శాలివాహన శకం కనిపిస్తే 78 కలపండి, జనవరి నుంచి ఉగాది దాకా అయితే 79.

నోట్సులో పత్రిక మీద ఉన్నది ఉన్నట్టుగా ముందు రాసి, మీరు లెక్కగట్టిన తేదీని పక్కన చదరపు బ్రాకెట్లో పెట్టండి. లెక్క తప్పితే మళ్లీ చూసుకోవడానికి అసలుది ఉంటుంది.

తెలుగు అంకెలు చదవడం కూడా ముందే సాధన చేయండి. ౨, ౩ అరిగిన అచ్చులో ఒకేలా ఉంటాయి. అనుమానమొస్తే ముందు పేజీ, తర్వాతి పేజీ నంబర్లు చూసి తేల్చుకోండి.

9. నోట్సు: ఆరు నెలల తర్వాత కూడా అర్థమయ్యేలా

ఒక కాగితానికి ఒక వ్యాసమే. పైన ఈ వరస తప్పకుండా ఉండాలి:

- రచయిత పేరు (అచ్చయినట్టే), వ్యాసం పేరు
- పత్రిక, సంపుటం, సంచిక, తేదీ, పేజీలు
- ఏ లైబ్రరీ, యాక్సెషన్ నంబర్
- నేను చూసిన తేదీ

కింద రాసేవాటిలో మూడు రకాలను కలపకండి: పత్రికలో ఉన్న మాటలు యథాతథంగా (కొటేషన్ గుర్తుల మధ్య), నా మాటల్లో సారాంశం, నా ఆలోచన. నేను ఆలోచనలకు ముందు ఒక నక్షత్రం పెడతాను. ఇది పాటించకపోతే రెండేళ్ల తర్వాత 1934 నాటి వాక్యం మీ సొంత వాక్యంగా థీసిస్‌లోకి వచ్చేస్తుంది. కాపీ చేశారంటారు. కావాలని చేయలేదని ఎవరూ నమ్మరు.

యథాతథంగా అంటే అరసున్నలు, బండి ఱ, వలపలగిలక (అక్షరం పక్కన వేసే పాత "ర్" గుర్తు) అన్నీ ఉన్నట్టే. "వాఁడు" ఉంటే "వాడు" అని సరిదిద్దకండి. అచ్చుతప్పు కనిపిస్తే అలాగే రాసి పక్కన గుర్తు పెట్టండి. ఫోన్లో ఫోటో నుంచి అక్షరాలు పీల్చే యాప్‌లు కొత్త పుస్తకాలకు బాగానే పనిచేస్తున్నాయి కానీ పాత అచ్చులో అరసున్నలు ఎగరగొట్టేస్తాయి. వాడితే వాడండి, కానీ అసలు పేజీతో అక్షరం అక్షరం పోల్చాకే కొటేషన్ పెట్టండి.

ఏమీ దొరకని సంపుటానికి కూడా ఒక కాగితం రాయండి: "సంపుటం 5, 12 సంచికలూ చూశాను, ఏమీ లేదు." రాయకపోతే ఏడాది తర్వాత అదే సంపుటం మళ్లీ తెప్పించుకుంటారు.

10. ఫోటోలు

అనుమతి ఉంటేనే, ఫ్లాష్ లేకుండా. జిరాక్స్ అడగొద్దు, బైండు నొక్కితే పాత వెన్ను విరిగిపోతుంది.

నా మొదటి ఏడాది సంగతి చెప్తాను. పొరుగూరు యూనివర్సిటీలో రెండు రోజుల్లో మూడొందలకు పైగా ఫోటోలు తీసి గర్వంగా ఇంటికొచ్చాను. చూస్తే పేజీలన్నీ ఉన్నాయి, ఏ సంచికవో ఒక్కదాని మీదా లేదు. వ్యాసం నాలుగో పేజీ మీద సంచిక నంబరు ఎవరు వేస్తారు? మళ్లీ రాత్రి రైలెక్కి వెళ్లి మొత్తం సరిచూసుకోవాల్సి వచ్చింది.

అప్పటి నుంచి ఈ వరస తప్పలేదు:

1. కాల్ నంబర్, యాక్సెషన్ నంబర్ రాసిన స్లిప్పు
2. సంచిక మొదటి పేజీ
3. విషయసూచిక
4. వ్యాసం పేజీలు, పేజీ నంబరు తెగిపోకుండా
5. వ్యాసం అయిపోయిందనడానికి ఖాళీ కాగితం ఒక ఫోటో

ఆ రాత్రే ఫోటోలను సంచికకో ఫోల్డరులోకి మార్చి, "భారతి-సం1-సంచిక1-పే45" లాంటి పేరు పెట్టండి. "రేపు చేద్దాం" అన్నవి ఇప్పటికీ నా పాత ఫోన్లో అలాగే ఉన్నాయి. రెండో ప్రతి ఇంకోచోట దాచుకోండి.

కాపీరైట్ సంగతి క్లుప్తంగా: మన దేశంలో రచయిత బతికున్నంతకాలం, చనిపోయాక ఇంకో 60 ఏళ్లు హక్కులుంటాయి. పరిశోధన కోసం కొన్ని పేజీలు తీసుకోవడం వేరు, మొత్తం పుస్తకం తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం వేరు.

11. తాళపత్రాలు చూడాల్సి వస్తే

అందరికీ అవసరం పడదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థ లాంటిచోటికి వెళ్తే ముందు అచ్చయిన వివరణాత్మక సూచిక చూసి, ప్రతి నంబరుతో అడగండి. తాడు మీరు విప్పకండి, సిబ్బందిని విప్పమనండి. ఆకులను ఒక్కొక్కటిగా, రెండు చేతులతో, అంచులు పట్టుకుని, వరస మారకుండా పక్కకు పెట్టండి. ఆకు సంఖ్య తెలుగు అంకెల్లో అంచున ఉంటుంది. ఆకుకు రెండు వైపులు కాబట్టి నోట్సులో "12 ముందు", "12 వెనక" అని రాసుకోండి. పదాల మధ్య ఖాళీ ఉండదు, మొదటి రోజు నాలుగు వరసలు చదవగలిగితే చాలు. ముందుగా చివరి ఆకు చూడండి. రాసినవారి పేరు, సంవత్సరం, ఎవరి కోసం రాశారన్నది ఉంటే సాధారణంగా అక్కడే ఉంటుంది.

12. దొరకనప్పుడు

"లేదు" అన్న జవాబు చాలా రకాలు. ఏ రకమో తెలుసుకోండి: కేటలాగ్‌లో లేదా, ర్యాకులో లేదా, ఎవరైనా తీసుకెళ్లారా, శిథిలమై పక్కన పెట్టారా, వేరే పత్రిక బైండులో కలిసిపోయిందా? చివరిది మీరు ఊహించినదానికంటే ఎక్కువ. పేజీ సైజు ఒకటైతే రెండు పత్రికలను కలిపి కుట్టేసిన బైండ్లు చూశాను.

ఇంకోచోట వెతకాలంటే యూనివర్సిటీ దాటి బయటికి వెళ్లండి. వేటపాలెంలోని సారస్వత నికేతనం, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం పాత తెలుగు పత్రికలకు పేరున్న చోట్లు. విదేశాల్లో చదువుతున్నవారికి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, షికాగో యూనివర్సిటీ లైబ్రరీలో పాత తెలుగు అచ్చు పుస్తకాలు దొరుకుతాయి. బ్రిటిష్ లైబ్రరీకి రీడర్ పాస్ కావాలి, పుస్తకాలు ముందే ఆర్డర్ పెట్టుకోవాలి, లోపలికి పెన్సిలే.

ఒకే సంచిక రెండు లైబ్రరీల్లో దొరికితే రెండూ చూడండి. ఒకచోట తెగిన పేజీ ఇంకోచోట ఉంటుంది, ఒకచోట తీసేసిన అట్ట ఇంకోచోట మిగిలి ఉంటుంది.

ఊరు మారే ముందు ఇంకొక్క పని. కౌంటర్లో యాక్సెషన్ రిజిస్టరు చూపించమని అడగండి. సంపుటం పక్కన "బైండింగ్‌కు పంపబడినది" అని పెన్నుతో రాసి ఉంటే ఆ తేదీ ఎంత పాతదైనా బైండింగ్ గది తీయించి చూడండి. నా జాబితాలో "లేదు" అని కొట్టేసిన రెండు సంపుటాలు ఇలాగే, కుట్టని కట్టలుగా, పురికొస చుట్టి దొరికాయి. బైండు కాలేదు కాబట్టి అట్టలు, ప్రకటనలు అన్నీ వాటిలో అలాగే ఉన్నాయి.